భోజనానంతరం పెరిగే రక్తచక్కెర: ఆహార నియమాలు, అనుబంధ పదార్థాలు – మునిగుడ ప్రాంత కుటుంబాలు తెలుసుకొనదగిన విషయాలు

నియమగిరి పర్వత పాదభాగాన, విజయనగరం – రాయపూర్ రైలుమార్గంపై ఉన్న మునిగుడ, ఒడిశాలోని రాయగడ జిల్లాకు చెందిన ఒక బ్లాకు కేంద్రం. 1992 అక్టోబరు 2న రాయగడ జిల్లా ఏర్పడక పూర్వం ఇది అవిభక్త కొరాపుట్ జిల్లాలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడక మునుపు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కనుకనే ఇక్కడ ఒకే వీధిలో ఒడియా, తెలుగు, కువి భాషలు వినిపిస్తాయి. తెలుగు ఇల్లాలు చోళ్ళు అనే ధాన్యాన్నే పొరుగింటి ఒడియా ఇల్లాలు మండియా అంటుంది. తెలుగువారి తరవాణి ఒడియావారికి తొరాణి. భాషలు వేరైనా పెద్దల ఆరోగ్యం ప్రస్తావనకు వచ్చినప్పుడు అన్ని ఇళ్ళలోనూ వినిపించే మాట నేడు ఒక్కటే – షుగరు.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతోను, 13 కోట్ల 60 లక్షల మంది దాని ముందుదశలోను ఉన్నారు. ఈ వ్యాధి ఇక పట్టణాలకు, ధనికులకు మాత్రమే పరిమితం కాదని దీనినిబట్టి విదితమవుతున్నది.

వ్యాధి వ్యాపించిన చోట దానిపై వ్యాపారమూ వ్యాపిస్తుంది. సంతలలో, బస్టాండ్లలో, ఇప్పుడు చేతిలోని సెల్‌ఫోన్లలో కూడా ‘షుగరును మూలమట్టంగా నయం చేసే’ చూర్ణాలు, కషాయాలు, కొయ్య గ్లాసులు అమ్ముడవుతున్నాయి. వాటిని నమ్మి ఆసుపత్రి మాత్రలను మానివేయడం, కొంతకాలానికి కాలిపుండుతోనో, చూపు మందగించియో తిరిగి ఆసుపత్రికి చేరడం సరిహద్దు పల్లెలకు తెలియని కథ కాదు. మరోవైపు ఆహారంతో ఏమీ కాదని, మాత్ర వేసుకుంటే చాలునని భావించేవారూ ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు. ఆహారం చేయగల పని ఏది, అనుబంధ పదార్థాలు చేయగల పని ఏది, మందు మాత్రమే చేయగల పని ఏది అన్న విచక్షణ ప్రతి కుటుంబానికీ అవసరం.

చక్కెర ఒక్కసారిగా ఎందుకు పెరుగుతుంది?

అన్నం, రొట్టె, అంబలి, దుంపలు – వీటిలోని పిండిపదార్థం జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. అప్పుడు క్లోమగ్రంథి ఇన్సులిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. దాని సహాయంతో గ్లూకోజు కండరాలలోకి, కాలేయంలోకి చేరి శక్తిగా ఖర్చవుతుంది లేదా నిల్వ అవుతుంది. మధుమేహ రోగులలో ఇన్సులిన్ చాలినంతగా ఊరదు, లేదా ఊరినది సరిగా పనిచేయదు. అందువల్ల భోజనం చేసిన గంట, రెండు గంటలలో రక్తచక్కెర ఒక్కసారిగా పైకి లేచి, చాలాసేపటి వరకు దిగిరాదు.

ఈ పెరుగుదల ఎంత ఉంటుందన్నది నాలుగు విషయాలపై ఆధారపడి ఉంటుంది. మొదటిది తిన్న పిండిపదార్థం పరిమాణం. రెండవది అది ఎంత మెత్తగా, ఎంత పలుచగా ఉన్నదన్నది. మూడవది దానితోపాటు పీచు, మాంసకృత్తులు, కొవ్వు ఉన్నాయా లేదా అన్నది. నాలుగవది తిన్న తరువాత శరీరం కదిలినదా లేదా అన్నది. ఈ నాలుగూ ఇంటిలోనివారి చేతిలో ఉన్న విషయాలే కావడం గమనార్హం.

గుర్తుంచుకొనవలసిన అంకెలు

పరగడుపున చేసే పరీక్షలో డెసిలీటరు రక్తంలో 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటల తరువాత 200 లేదా అంతకు మించి, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం లేదా అంతకు మించి ఉన్నట్లయితే మధుమేహంగా పరిగణిస్తారు. లక్షణాలేమీ లేనప్పుడు రెండవ పరీక్షతో దీనిని ధ్రువపరచుకొంటారు. పరగడుపున 100 నుండి 125 వరకు, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 నుండి 199 వరకు ఉంటే అది ముందుదశ.

వ్యాధి ఉన్న పెద్దలలో అధికులకు వైద్యులు నిర్దేశించే లక్ష్యం పరగడుపున 80 – 130 మధ్య, భోజనానంతరం 180 లోపు. వృద్ధులకు, ఇతర వ్యాధులున్నవారికి ఈ లక్ష్యాన్ని కొంత సడలిస్తారు. 70 కంటె తగ్గితే అది ప్రమాదకరమైన తరుగుదల.

ఇంటిలో గ్లూకోమీటరు ఉన్నవారు ఒక చిన్న పరిశీలన చేయవచ్చు. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న సమయం నుండి లెక్కించి రెండు గంటలకు మరొకసారి పరీక్షించి, ఏమి తిన్నదీ పక్కన వ్రాసుకొనాలి. అలా నాలుగైదు రోజులు వ్రాస్తే ఏ భోజనం ఎంత చక్కెరను లేపుతున్నదో ఆ ఇంటికే తెలిసివస్తుంది. పరీక్షకు ముందు చేతులు కడిగి ఆరబెట్టుకొనడం తప్పనిసరి. పండు కోసిన చేతితో రక్తం తీస్తే అంకె తప్పుగా ఎక్కువ చూపుతుంది. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడరాదు.

ఈ ప్రాంతంలో హెచ్‌బీఏ1సీ విషయంలో ఒక హెచ్చరిక

కొరాపుట్, రాయగడ జిల్లాలలో సికిల్ సెల్ లక్షణం ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఈ వ్యాధి నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ఒక జాతీయ కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది. సికిల్ సెల్ వ్యాధిలో ఎర్రరక్తకణాలు త్వరగా నశిస్తాయి. హెచ్‌బీఏ1సీ అనేది ఆ కణాలలోని హిమోగ్లోబిన్‌కు అంటుకొన్న చక్కెరను కొలిచే పరీక్ష. కణం ఆయుష్షే తక్కువైనప్పుడు అంకె కూడా తప్పుగా తక్కువ చూపుతుంది. చక్కెర ఎక్కువగా ఉన్నా ‘అంతా బాగున్నది’ అనిపిస్తుంది. సికిల్ లక్షణం మాత్రమే ఉన్నవారిలో సైతం కొన్ని పరీక్షా పద్ధతులు సరైన ఫలితం ఇవ్వవు. ఇటీవల మలేరియా వచ్చినవారిలో, రక్తం ఎక్కించుకొన్నవారిలో కూడా ఈ పరీక్షను నమ్మడానికి వీలులేదు. ఇనుపధాతువు లోపించిన రక్తహీనతలో ఇందుకు విరుద్ధంగా అంకె ఎక్కువ చూపవచ్చు.

కావున ఇటువంటి చరిత్ర ఉన్న కుటుంబాలవారు ఆ విషయాన్ని వైద్యునికి ముందుగా చెప్పాలి. పరగడుపున, భోజనానంతరం చేసే నేరు రక్తపరీక్షల మీదనే ఆధారపడడం వారికి క్షేమకరం.

బక్కపలుచని వారికి షుగరు రాదా?

లావుగా ఉన్నవారికే ఈ జబ్బు వస్తుందన్న నమ్మకం బలంగా ఉన్నది. దానిని సవరించినవారిలో ఒడిశా వైద్యులు కూడా ఉన్నారు. 1965లో కటక్‌కు చెందిన త్రిపాఠీ, కర్ అనే వైద్యులు భారతదేశంలో మధుమేహం కనిపించే తీరును గురించి ప్రచురించిన పరిశీలనలో, చిన్నవయసులో, కృశించిన శరీరంతో, అధిక చక్కెరతో వచ్చే రోగులను వర్ణించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహాన్ని ప్రత్యేక వర్గంగా గుర్తించి, 1999లో ఆ వర్గాన్ని తొలగించింది. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీనికి ‘టైప్ 5’ అన్న పేరు పెట్టి తిరిగి గుర్తింపునిచ్చింది.

పల్లె కుటుంబాలకు దీని తాత్పర్యం స్పష్టమే. సన్నగా ఉన్న యువకుడు అతిగా దాహం వేసి, పదేపదే మూత్రానికి వెళ్ళుతూ, తిన్నా చిక్కిపోతుంటే పరీక్ష చేయించాలి. అటువంటి వ్యక్తికి ‘అన్నం మాన్పించడం’ చికిత్స కాదు. అతనికి తగినంత ఆహారం, మాంసకృత్తులు, వైద్యుడు నిర్ణయించిన మందు లేదా ఇన్సులిన్ కావాలి. బరువు ఎక్కువగా ఉన్నవారికి చెప్పే పథ్యం బక్కవారికి హాని చేస్తుంది.

అన్నం: మానడమా, తగ్గించడమా?

2025లో వెలువడిన ఇండియాబ్ ఆహార పరిశీలన ప్రకారం భారతీయులు తమ శక్తిలో సుమారు 62 శాతాన్ని పిండిపదార్థాల నుండే పొందుతున్నారు. మాంసకృత్తులు తక్కువ. మొత్తం పిండిపదార్థాన్ని తగ్గించకుండా బియ్యానికి బదులు గోధుమ పిండినో, చిరుధాన్యాల పిండినో అంతే పరిమాణంలో తింటే ముప్పు తగ్గినట్లు ఆ పరిశీలనలో కనబడలేదు. ‘అన్నం మానేశాం, రాత్రికి ఆరు చపాతీలు తింటున్నాం’ అనేవారు ఈ అంశాన్ని శ్రద్ధగా గమనించాలి.

ఆచరణయోగ్యమైన పద్ధతి కంచాన్ని భాగాలుగా చూడడం. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేదా మాంసం. మిగిలిన పావు వంతు అన్నం లేదా చిరుధాన్యం. మూడు గరిటెల అన్నం, చెంచాడు కూర అన్న అలవాటును తలకిందులు చేయడమే ఇందులోని కీలకం.

పచ్చి బియ్యం కంటె ఉప్పుడు బియ్యం, అనగా ఒడియావారి ఉసునా, సాధారణంగా కొంత నిదానంగా చక్కెరగా మారుతుంది. వండిన అన్నం చల్లారినప్పుడు అందులోని పిండి కొంత భాగం సులభంగా జీర్ణం కాని రూపానికి మారుతుంది. కనుక చద్దన్నం లేదా పఖాళ వేడి అన్నం కంటె కొంత మేలు. అయితే పఖాళ మెత్తగా, నీళ్ళతో జారిపోవడం వలన తెలియకుండానే ఎక్కువ తినే ప్రమాదం ఉన్నది. గిన్నె చిన్నదై, పక్కన వేపిన ఆకుకూర, చిన్న చేపలు లేదా పప్పు ఉన్నప్పుడే ఆ మేలు నిలుస్తుంది. గంజి తాగడం మాత్రం పిండిని ద్రవరూపంలో తాగడమే.

చోళ్ళు, కొర్రలు, సామలు

ఈ మన్యానికి చిరుధాన్యాలు కొత్త కావు. నియమగిరి కొండవాలుల్లో డొంగ్రియా కొంధులు తరతరాలుగా చోళ్ళు, కొర్రలు, సామలు, కందులను కలగలిపి పండిస్తున్నారు. కొరాపుట్ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాధాన్యం గల వారసత్వంగా గుర్తించింది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్‌ను ఆరంభించి, రైతుల నుండి మండియా సేకరించే ఏర్పాటు చేసింది. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్ళలో సుమారు 11 గ్రాముల పీచు, 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. పాలిషు పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అయితే పిండిపదార్థం బియ్యంలో సుమారు 78 గ్రాములు కాగా చోళ్ళలో సుమారు 67 గ్రాములు ఉన్నది. అంటే చోళ్ళు మేలైన ధాన్యమే గాని, కొలత లేకుండా తినదగిన మందు కాదు.

ఇక్రిశాట్ ఆధ్వర్యాన 2021లో వెలువడిన ఒక సమీక్ష, 11 దేశాలలో జరిగిన పరిశోధనలను క్రోడీకరించి, నిత్యం చిరుధాన్యాలు తిన్న మధుమేహ రోగులలో రక్తచక్కెర 12 నుండి 15 శాతం వరకు తగ్గినట్లు తెలిపింది. ఆ ఫలితం రావాలంటే ధాన్యాన్ని బియ్యానికి ‘బదులుగా’ తినాలి. బియ్యానికి ‘అదనంగా’ కాదు.

వండే తీరు కూడా ముఖ్యమే. మెత్తగా ఆడించిన పిండితో పలుచగా కాచిన అంబలి లేదా జావు త్వరగా జీర్ణమై చక్కెరను త్వరగా లేపుతుంది. అదే పిండితో గట్టిగా చేసిన ముద్ద, రొట్టె కొంత నిదానిస్తాయి. కొర్రలు, సామలను నూక పట్టించకుండా అన్నంలా వండుకొనడం ఇంకా మేలు. పొలం పనికి పోయేవారికి అంబలి సహజమైన ఆహారమే. ఇంటిపట్టున కూర్చున్న షుగరు రోగి మాత్రం దానిని బెల్లం లేకుండా, మజ్జిగ, ఉల్లిపాయ కలిపి, ఒక గ్లాసుకు పరిమితం చేసి, పక్కన ఉడికించిన ఉలవలో, గుడ్డో తీసుకొనడం మంచిది.

పప్పు ముందు, అన్నం తరువాత

కందిపప్పు, పెసలు, అలసందలు, ఒడియావారు కొలథ అని పిలిచే ఉలవలు – వీటిలో మాంసకృత్తులు, పీచు రెండూ ఉంటాయి. కూరగాయలు విరివిగా వేసి పప్పుతో కలిపి వండే ఒడియా దాల్మా ఈ దృష్టితో చూస్తే చక్కని పథ్యాహారం. అందులో బంగాళాదుంప, అరటికాయలు తగ్గించి, గుమ్మడి, బొప్పాయికాయ, ములక్కాడ, వంకాయలను పెంచుకొంటే సరిపోతుంది. మునగాకు, తోటకూర, వర్షాకాలపు వెదురు కొమ్ములు కూడా పీచును సమకూర్చేవే. వెదురు కొమ్ములను మాత్రం నీళ్ళు మార్చి బాగా ఉడికించిన తరువాతనే తినాలి.

తినే వరుస కూడా ప్రభావం చూపుతుంది. అమెరికాలోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 2015లో 11 మందిపై జరిగిన చిన్న పరిశోధనలో, ఒకే భోజనాన్ని కూరగాయలు, మాంసకృత్తులు ముందు, పిండిపదార్థం చివర తిన్నప్పుడు గంట తరువాతి రక్తచక్కెర 37 శాతం తక్కువగా నమోదైంది. పరిశోధన చిన్నదే అయినా ఖర్చులేని ఈ అలవాటును పాటించడంలో నష్టం లేదు. ముందు కూర, పప్పు కొంత తిని, ఆపైన అన్నం కలుపుకొంటే చాలును.

భోజనమైన వెంటనే నడుం వాల్చడం కంటె 10 నిమిషాలు నడవడం మేలు. న్యూజిలాండులో 2016లో వెలువడిన పరిశోధనలో, రోజులో ఎప్పుడో ఒకసారి 30 నిమిషాలు నడవడం కంటె ప్రతి భోజనం తరువాత 10 నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర చక్కెర మరింత తగ్గింది. ముఖ్యంగా రాత్రి భోజనం తరువాత ఈ ప్రభావం హెచ్చుగా కనిపించింది. కాళ్ళు తిమ్మిరెక్కేవారు చెప్పులు లేకుండా నడవరాదు.

పండ్లు, బెల్లం, తేనె, కల్లు

బెల్లం, తేనె ‘సహజమైనవి’ కనుక ఫరవాలేదన్నది అపోహ. రక్తంలో చేరిన తరువాత పంచదారకు, వాటికి పెద్ద తేడా లేదు. పండ్లను పూర్తిగా మానవలసిన అవసరం లేదు. జామ, బొప్పాయి, నేరేడు వంటివి కొలతగా తినవచ్చు. మామిడి, పనస, సీతాఫలం, అనాస, బాగా పండిన అరటి ఈ ప్రాంతంలో కాలానుగుణంగా విరివిగా దొరకుతాయి. వీటిని భోజనంపైన కాక, విడిగా, రెండు మూడు ముక్కలకు పరిమితం చేయాలి. రసం తీసి తాగరాదు. ఎండబెట్టిన ఇప్పపువ్వులో కూడా చక్కెర అధికం.

ఇప్పసారా, జీలుగు కల్లు విషయంలో మరొక ముప్పు ఉన్నది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకొనేవారు లేదా ఇన్సులిన్ తీసుకొనేవారు ఖాళీ కడుపున మద్యం సేవిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. స్పృహ తప్పిన మనిషిని తాగి పడిపోయాడని వదలివేయడం ప్రాణాపాయానికి దారి తీస్తుంది.

అనుబంధ పదార్థాలు: ఏది ఎంతవరకు?

మెంతులు – ఈ జాబితాలో కొంత ఆధారం ఉన్న పదార్థం ఇదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో 1980, 1990 దశకాలలో మెంతులపై పరిశోధనలు జరిగాయి. వాటిలోని జిగురు పీచు పిండిపదార్థం జీర్ణాన్ని నిదానింపజేస్తుంది. నానబెట్టి తినడం, పొడిని మజ్జిగలో గాని రొట్టె పిండిలో గాని కలపడం ఆచారంలో ఉన్న పద్ధతులు. చెంచాతో ఆరంభించి నెమ్మదిగా పెంచుకొనాలి. కడుపు ఉబ్బరం కలగవచ్చు. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా హెచ్చు మోతాదులో తీసుకొనరాదు.

కాకర – కూరగా మంచిదే. కాని కాకర మందుగా పనిచేస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని 2012లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. పరగడుపున గ్లాసుల కొద్దీ రసం తాగడం వలన కడుపునొప్పి, విరేచనాలు కలగవచ్చు.

దాల్చినచెక్క – దీనిపైనా 2012 నాటి కోక్రేన్ సమీక్ష అటువంటి నిర్ణయానికే వచ్చింది. బజారులో చవకగా దొరికే మందపాటి చెక్కలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది. అది అధికమైతే కాలేయానికి హాని.

పొడపత్రి – ఈ ఆకు నమిలితే కొంతసేపు తీపి రుచి తెలియదు. దానితో రక్తంలోని చక్కెర కూడా అలాగే మాయమవుతుందని భావించడం పొరపాటు. దీనిపై జరిగిన పరిశోధనలు చిన్నవి.

వేగిస కొయ్య గ్లాసు – రాత్రి నీరు పోసి ఉంచితే రంగు మారే ఈ గ్లాసులు ఉత్సవాలలో, సంతలలో అమ్ముతారు. వేగిస, అనగా విజయసార్, సారంపై భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన పరిశీలన 1998లో ప్రచురితమైంది. అది కొత్తగా వ్యాధి బయటపడిన రోగులకు, కొలిచిన మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చినది. మందు లేని మరొక జట్టుతో పోల్చి చూసినది కాదు. గ్లాసు నీటిలోకి ఎంత సారం దిగుతుందో కొలత ఉండదు. కనుక ఆ పరిశీలనను చూపి గ్లాసు కొనడం సరికాదు.

క్రోమియం, విటమిన్ డి మాత్రలు – లోపం లేనివారికి వీటివలన స్పష్టమైన ప్రయోజనం రుజువు కాలేదు. 2019లో 2,423 మందిపై జరిగిన అమెరికా పరిశోధనలో రోజుకు 4,000 యూనిట్ల విటమిన్ డి మధుమేహం రాకుండా గణనీయంగా అడ్డుకొనలేకపోయింది.

విటమిన్ బీ12 – మధుమేహ రోగులలో అనేకులకు నిజంగా అవసరం కాగల అనుబంధం ఇదే. విచిత్రమేమంటే సంతలలో దీనిని ఎవరూ ప్రచారం చేయరు. మెట్‌ఫార్మిన్ మాత్రను ఏళ్ళ తరబడి వాడినవారిలో బీ12 తగ్గవచ్చు. శాకాహారులలో ఈ అవకాశం మరింత ఎక్కువ. కాళ్ళ తిమ్మిర్లు, నీరసం, రక్తహీనత కనిపిస్తే వైద్యుని అడిగి పరీక్ష చేయించుకొనాలి. అందుకు భయపడి మెట్‌ఫార్మిన్ మానరాదు.

‘మొక్క నుండి వచ్చినది కదా, హాని ఏమి?’

మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఒక మొక్కే. ఐరోపాలో మేకలమేతగా పేరున్న గాలిగా మొక్కలోని పదార్థాలను పరిశోధించిన క్రమంలోనే అది వెలుగుచూసింది. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దానిని మధుమేహానికి వాడిన ఫలితాలను ప్రకటించాడు. ఆ మొక్క మాత్రం విషపూరితమైనది. హాని చేసే భాగాన్ని వేరుచేసి, మేలు చేసే దానిని కొలిచి ఇవ్వడమే మందుకు, ఆకుకు ఉన్న తేడా.

కొలత లేని చూర్ణాలలో ముప్పు రెండు విధాలు. ఒకటి, అందులో రహస్యంగా అల్లోపతి షుగరు మాత్రలను పొడిచేసి కలపడం. రోగి అప్పటికే మాత్రలు వాడుతుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. రెండు, సీసం, పాదరసం వంటి లోహాలు. 2008లో అమెరికా వైద్య పత్రిక ఒకటి ప్రచురించిన పరిశీలనలో, ఇంటర్నెట్టు ద్వారా కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులలో సుమారు ఐదవ వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనుగొన్నారు.

1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. కనుక ‘షుగరు శాశ్వతంగా పోతుంది’ అన్న కరపత్రం తనంతట తానే చట్టవిరుద్ధం. తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ, పదార్థాల జాబితా లేని పొట్లాన్ని ఏ ధరకూ కొనరాదు. ఇప్పటికే కొని వాడుతున్నవారు దానిని దాచక, వైద్యునికి చూపించాలి.

చక్కెర పడిపోయినప్పుడు

చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, మాట తడబడడం – ఇవి చక్కెర తగ్గిన సూచనలు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తరువాత తిరిగి పరీక్షించి, 70 లోపే ఉంటే మరొకసారి ఇవ్వాలి. తేరుకొన్న తరువాత భోజనం పెట్టాలి. వోగ్లిబోస్ వంటి మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడియే ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట ఏదీ పోయరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

కార్తీక సోమవారాలు, మాణబసా గురువారాలు వంటి ఉపవాస దినాలకు ముందే మాత్రల విషయం వైద్యునితో మాట్లాడుకొనాలి. జ్వరం, వాంతుల సమయంలో ఇన్సులిన్‌ను తమంతట తాము ఆపరాదు. గర్భిణులకు షుగరు బయటపడితే ఏ చూర్ణమూ వాడక, ఆసుపత్రి సలహానే పాటించాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి పప్పు, ఆకుకూరల కొలత వేరుగా ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

30 ఏళ్ళు నిండినవారికి ఉపకేంద్రాలలో, ఆశా కార్యకర్తల ద్వారా ఉచితంగా షుగరు, రక్తపోటు పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం అమలులో ఉన్నది. ఒడిశాలో 2015లో ప్రారంభమైన నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. మునిగుడలో సామాజిక ఆరోగ్య కేంద్రం, బిసంకటక్‌లో 1954 నుండి సేవలందిస్తున్న క్రిస్టియన్ ఆసుపత్రి, రాయగడలో జిల్లా కేంద్ర ఆసుపత్రి ఉన్నాయి. బంధుత్వాల వలన పార్వతీపురం, విజయనగరం, విశాఖపట్నం ఆసుపత్రులకు వెళ్ళేవారూ అనేకులు.

ఇలా రెండు రాష్ట్రాలలో చూపించుకొనేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక చోట వ్రాసిన మాత్ర, మరొక చోట వేరే కంపెనీ పేరుతో తిరిగి వ్రాయబడి, ఒకే మందు రెండుసార్లు మింగడం జరుగుతుంది. కావున వాడే ప్రతి మాత్ర పేరు, మోతాదు, తినే చూర్ణం, ఇటీవలి పరీక్షల అంకెలు ఒక చిన్న నోటుపుస్తకంలో వ్రాసి ఉంచాలి. అది ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు; మాత్రల ఖాళీ అట్టను దానికి అంటిస్తే ఒడియా వైద్యునికీ, తెలుగు వైద్యునికీ సమానంగా అర్థమవుతుంది. బడికి వెళ్ళే పిల్లలు ఉన్న ఇంటిలో ఈ పని వారికి అప్పగించవచ్చు.

మునిగుడ సంతలో చోళ్ళు, కొర్రలు, కందులు, ఉలవలు, మెంతులు, ఆకుకూరలు అన్నీ దొరకుతాయి. భోజనానంతరపు చక్కెరను అదుపులో ఉంచడానికి కావలసిన ఆహారం కోసం మరే దూరానికీ పోనక్కరలేదు. అయితే అవి మందుకు తోడు మాత్రమే, మందుకు మారు కాదు. కంచంలో అన్నం తగ్గి కూర పెరగడం, తిన్న తరువాత పది నిమిషాలు నడవడం, మాత్ర వేళకు వేసుకొనడం, రెండు మూడు నెలలకొకసారి పరీక్ష చేయించుకొనడం – ఈ నాలుగింటినీ క్రమం తప్పక పాటించిన ఇంటిలో కాలు, కన్ను, మూత్రపిండం పదికాలాలపాటు క్షేమంగా ఉండే అవకాశం ఎంతో హెచ్చుతుంది.